జెండా మోసిన వైద్యుడు: డాక్టర్ తాలిమెరెన్ ఆవో

1948 జూలై 29వ తేదీన లండన్ నగరంలోని వెంబ్లీ మైదానంలో ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవం జరిగింది. ప్రపంచయుద్ధం కారణంగా పన్నెండేళ్ళపాటు ఆగిపోయిన క్రీడలు మళ్ళీ మొదలైన రోజది. స్వతంత్ర దేశంగా భారతదేశం పాల్గొన్న తొలి ఒలింపిక్స్ కూడా అవే. ఆనాడు వెంబ్లీలో భారత బృందానికి ముందు త్రివర్ణ పతాకం పట్టుకొని నడిచిన యువకుడు ఢిల్లీవాడు కాదు, బొంబాయివాడు కాదు, మద్రాసువాడూ కాదు. నాగా కొండల్లో చాంకీ అనే గ్రామంలో పుట్టిన ఆవో తెగ బిడ్డ. అప్పటికి ఆయన వైద్య కళాశాల విద్యార్థి. భారత ఫుట్‌బాల్ జట్టు నాయకుడు. పేరు తాలిమెరెన్ ఆవో.

హాకీలో ధ్యాన్‌చంద్ పేరు తెలియని ఊరు మన వైపు లేదు. ఫుట్‌బాల్ అంటే హైదరాబాదు రహీం సాహెబును తలుచుకునే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. తాలిమెరెన్ ఆవో పేరు మాత్రం ఈశాన్య రాష్ట్రాలు, కలకత్తా దాటి ఎక్కువగా వినిపించదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కచేరీలో మరొక భాషతో బ్రతుకుతున్న మన సరిహద్దు కుటుంబాలకు ఆయన జీవితం పరాయిదిగా తోచదని ఈ రచయిత నమ్మకం.

తండ్రి ఊరు, తండ్రి మాట

తాలిమెరెన్ 1918 జనవరి 28న జన్మించారు. చాంకీ గ్రామం ఇప్పటి నాగాలాండ్ రాష్ట్రంలోని మోకోక్‌చుంగ్ జిల్లాలో, అస్సాం మైదానాల వైపు దిగే కొండవరుసలో ఉంది. ఆనాడు నాగాలాండ్ అనే రాష్ట్రం లేదు. నాగా కొండలు అస్సాం రాష్ట్రంలో ఒక జిల్లా. కొండలకూ మైదానాలకూ నడుమ ఆంగ్ల ప్రభుత్వం 1873లోనే ఒక చట్టంతో గీత గీసింది. అనుమతి పత్రం లేకుండా బయటివారు ఆ గీత దాటి కొండల్లోకి పోరాదు. 1937 తరువాత ఆ ప్రాంతాన్ని అస్సాం శాసనసభ పరిధికి కూడా వెలుపల ఉంచారు.

కొండల్లోకి ముందుగా వెళ్ళినవారిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎడ్వర్డ్ వింటర్ క్లార్క్ ఒకరు. ఆయన 1872లో ఆవో గ్రామాలకు చేరుకున్నారు. అంతవరకు లిపి లేని ఆవో భాషకు రోమన్ అక్షరాలు వచ్చాయి, బడులు వచ్చాయి. 1894లో ఇంపుర్ అనే చోట మిషన్ కేంద్రం వెలసింది. తాలిమెరెన్ తండ్రి సుబోంగ్‌వాతి నింగ్‌దరి ఆ ఇంపుర్‌లో మతబోధకులుగా పనిచేశారు. తల్లి మావోంగ్‌సాంగ్లా. పన్నెండుమంది సంతానంలో తాలిమెరెన్ నాలుగవవారు.

తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం చాంకీ నుంచి ఇంపుర్‌కు తరలింది. మిషన్ ఆవరణలో పిల్లలు ఆడుకునే చోటు ఉండేది. తోలు బంతి కొనే స్తోమత ఎవరికుంది? చింకిగుడ్డలు చుట్టి కట్టిన బంతినే తన్నుకునేవారు. గుడ్డబంతి మన పిల్లలకూ తెలిసినదే. అది నేలకు కొడితే లేవదు. దానిని అదుపులో పెట్టాలంటే పాదం బంతిని విడవకూడదు. ఉత్తి కాళ్ళతో, ఎగుడుదిగుడు కొండనేల మీద ఆ ఆట అలవాటైనవాడికి కాలివేళ్ళే చేతివేళ్ళవుతాయి.

ఇంపుర్ చదువు ముగిశాక తాలిమెరెన్‌ను జోర్హాట్ పట్టణంలోని క్రైస్తవ ఉన్నత పాఠశాలకు పంపించారు. కొండ దిగి అస్సామీ మాట్లాడే మైదానంలో కాలు పెట్టడం అదే మొదలు. ఇంటి భాష ఆవో. వీధిలో అస్సామీ. తరగతి గదిలో ఇంగ్లీషు. మన హోసూరు పిల్లవాడో, బళ్ళారి పిల్లవాడో, పర్లాకిమిడి పిల్లవాడో పడే పాటే ఇది. అయితే ఆ బాలుడికి ఒక సౌలభ్యం దొరికింది. బంతి దగ్గర భాష అక్కరలేదు. ఆ బడి ఆటల్లో ఆయన త్వరలోనే ముందు వరుసకు వచ్చారు.

1935లో ఇంటి నుంచి కబురు వచ్చింది. తండ్రి సన్నిపాత జ్వరంతో, ఇప్పుడు టైఫాయిడ్ అంటున్నామే ఆ జ్వరంతో, కన్నుమూశారు. తాలిమెరెన్‌కు అప్పుడు పదిహేడేళ్ళు. ఈ కొడుకు వైద్యం చదివి నాగా ప్రజలకు సేవ చేయాలని తండ్రి కోరిక. టైఫాయిడ్ నీటి వలన వచ్చే జబ్బు. ఆ రోజుల్లో దానికి విరుగుడు మందే లేదు, ఇరవై ఒక్క రోజులు కనిపెట్టుకొని ఉండి పథ్యం పెట్టడమే. తన వాళ్ళకు వైద్యుడు కావాలని అడిగిన తండ్రి, వైద్యం అందని జబ్బుతోనే పోయాడు. ఆ కోరిక కొడుకుకు ఆజ్ఞ అయింది. తరువాతి పదిహేనేళ్ళలో ఆయన తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ ఆజ్ఞకు లోబడినవే. పాఠకులు ఈ సంగతిని మనసులో ఉంచుకొని మిగిలిన కథ చదవాలి.

గౌహతి నుంచి గడేర్‌మఠ్‌కు

ఉన్నత విద్య కోసం ఆయన గౌహతిలోని కాటన్ కళాశాలలో చేరారు. 1901లో స్థాపితమైన ఆ కళాశాల బ్రహ్మపుత్ర లోయలో ఉన్నత విద్యకు పెట్టింది పేరు. గౌహతిలోనే మహారాణా క్లబ్ తరఫున ఫుట్‌బాల్ ఆడటం మొదలుపెట్టారు. అక్కడ శరత్ దాస్ అనే ఆటగాడితో స్నేహం కుదిరింది. ఈ స్నేహమే తరువాత కలకత్తాలో ఆయనకు తలుపులు తెరిచింది.

1942లో వైద్య విద్యకు కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో ప్రవేశం లభించింది. ఇప్పుడు ఆర్.జి.కర్ కళాశాల అని పిలుస్తున్నది దానినే. కార్మైకేల్ పేరుతో నడిచిన ఆ సంస్థకు స్థాపకుడైన డాక్టర్ రాధాగోవింద కర్ పేరు పెట్టింది 1948లో. తాలిమెరెన్ లండన్ వెళ్ళిన సంవత్సరమూ అదే.

ఆయన కలకత్తా చేరిన కాలం ఎటువంటిదో తెలుసుకోవాలి. 1942 డిసెంబరులో నగరంపై జపాను విమానాలు బాంబులు వేశాయి. 1943లో బెంగాల్ కరువు. పల్లెల నుంచి గంజి కోసం వచ్చిన జనం కలకత్తా వీధుల్లో కూలిపోయారు. వైద్య విద్యార్థి కళ్ళ ముందు ఆకలి ఒక రోగంగా నిలిచిన కాలమది. 1944 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఆయన సొంత కొండలే యుద్ధరంగమయ్యాయి. బర్మా నుంచి దండెత్తి వచ్చిన జపాను సేనను ఆంగ్ల భారత సైన్యాలు కొహిమాలో అడ్డుకున్నాయి. ఆ పోరులో కొహిమా పట్టణం నేలమట్టమైంది. 1946 ఆగస్టులో కలకత్తాలో మతకలహాలు రేగి వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ సంవత్సరం సుప్రసిద్ధ ఐ.ఎఫ్.ఎ. షీల్డు పోటీలు జరగనేలేదు.

ఈ నడుమనే ఫుట్‌బాల్. శరత్ దాస్ చొరవతో 1943లో తాలిమెరెన్ మోహన్ బగాన్ జట్టులో చేరారు. 1889లో పుట్టిన ఆ క్లబ్బు 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ సైనిక జట్టును 2-1 తేడాతో ఓడించి షీల్డు గెలిచిన నాటి నుంచి బెంగాలీలకు దేవాలయం వంటిది. (జూలై 29 అన్న తేదీని గమనించారా? సరిగ్గా ముప్పై ఏడేళ్ళ తరువాత అదే తేదీన ఆ క్లబ్బు ఆటగాడు వెంబ్లీలో స్వతంత్ర భారత పతాకం పట్టుకున్నాడు. కాకతాళీయమే, కాని కలకత్తా వారు దానిని అంత తేలికగా వదలరు.) అటువంటి జట్టులో కొండల నుంచి వచ్చిన ఒక నాగా యువకుడికి చోటు దొరకడం చిన్న విషయం కాదు. కలకత్తా మైదానాన్ని అక్కడివారు గడేర్‌మఠ్ అంటారు. అక్కడి ప్రేక్షకులకు జాలి తక్కువ. ఆట నచ్చితే నెత్తిన పెట్టుకుంటారు, నచ్చకపోతే ఇంటిదాకా తిడతారు.

ఆనాటి జట్టు అమరిక ఇప్పటిలాంటిది కాదు. గోలు కాచేవాడి ముందు ఇద్దరు, వారి ముందు ముగ్గురు, ఆపైన దాడికి ఐదుగురు. నడిమి ముగ్గురిలో మధ్యవాడిని సెంటర్ హాఫ్ అంటారు. అది తాలిమెరెన్ స్థానం. ఎదుటి జట్టు దాడిని ఛేదించడమూ అతనే, బంతిని ముందువారికి అందించడమూ అతనే. ఇంటికి దూలం ఎటువంటిదో జట్టుకు సెంటర్ హాఫ్ అటువంటివాడు. పొడగరి కావడం, తలతో బంతిని అందుకోగలగడం, ఎదుటివాడి కాలి దగ్గర నుంచి బంతిని తప్పు జరగకుండా లాగేసుకోగలగడం ఆయన బలాలు. శైలేన్ మన్నా, శరత్ దాస్, తాలిమెరెన్ ఆవో ముగ్గురూ కలిసి నిలిచిన రక్షణ వరుసను అభిమానులు గొప్ప గోడ అని పిలుచుకునేవారు. కొద్దికాలంలోనే జట్టు నాయకత్వం కూడా ఆయనకు అప్పగించారు.

1943, 1944 సంవత్సరాల్లో మోహన్ బగాన్ వరుసగా కలకత్తా లీగు గెలిచింది. 1947లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి షీల్డు గెలిచింది. 1911 తరువాత ఆ షీల్డు మళ్ళీ క్లబ్బుకు చేరడం అదే. 1948లో మరొకసారి గెలిచింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఆటకు జీతం లేదు. కలకత్తా క్లబ్బులు ఆనాడు ఆటగాళ్ళకు ఉద్యోగాలు చూపించేవేగాని నేటిలా కోట్లు ఇచ్చేవి కావు. పగలు శవపరీక్ష గదిలోను, ఆసుపత్రి వార్డుల్లోను చదువు, సాయంత్రం వేలమంది ముందు ఆట. వైద్య విద్యలో ఏ ఒక్క పరీక్ష తప్పినా ఏడాది వెనకబడిపోతుంది. 1942లో చేరిన విద్యార్థి పట్టా పుచ్చుకున్నది 1950లో. యుద్ధం, కల్లోలాలు, ఆటలు కలిసి చదువును సాగదీశాయి. అయినా ఆయన వదలలేదు.

ఇల్ఫర్డ్ మైదానంలో

1948 ఒలింపిక్స్‌కు భారత ఫుట్‌బాల్ జట్టును ఎంపిక చేసినప్పుడు తాలిమెరెన్ నాయకుడిగా, శైలేన్ మన్నా ఉపనాయకుడిగా నియమితులయ్యారు. శిక్షకుడు బలాయ్‌దాస్ చటర్జీ. ఆ జట్టులో మన కర్ణాటక పాఠకులకు దగ్గరివారు కొందరున్నారు. మైసూరు తరఫున ఆడిన శారంగపాణి రామన్, బెంగుళూరులో పుట్టిన అహ్మద్ ఖాన్, గోలు కాచిన వరదరాజ్ ఆ జట్టులోనివారే. 1946-47లో మైసూరు జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. బెంగుళూరు వీధుల ఆట ఆ స్థాయిలో ఉండేది.

జూలై 31న తూర్పు లండన్ పరిసరాల్లోని ఇల్ఫర్డ్‌లో, క్రికిల్‌ఫీల్డ్ మైదానంలో ఫ్రాన్సుతో పోటీ. భారత ఆటగాళ్ళలో ఎక్కువమంది ఉత్తి కాళ్ళతోనే ఆడారు. పదకొండుమందిలో ఎనిమిదిమందికి బూట్లు లేవని చెబుతారు. కొందరు పాదాలకు గుడ్డపట్టీలు చుట్టుకున్నారు. బూట్లు కొనలేక కాదు, అలవాటు లేక. ఎండిన నేల మీద ఉత్తి కాలికి బంతి మీద ఉన్న పట్టు బూటుకు రాదు. తడి నేల మీద మాత్రం బూటుదే పైచేయి.

ముప్పయ్యవ నిముషంలో ఫ్రాన్సు ఆటగాడు కూర్బేన్ గోలు చేశాడు. భారత జట్టుకు రెండు పెనాల్టీలు దొరికాయి. ఒకటి మన్నా, మరొకటి మహావీర్ ప్రసాద్ వృథా చేశారు. డెబ్బయ్యవ నిముషంలో రామన్ గోలు చేసి సమం చేశాడు. ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారతదేశం చేసిన మొదటి ఫుట్‌బాల్ గోలు అది. ఆట ముగియడానికి ఒక్క నిముషం ఉండగా పెర్సియోన్ రెండవ గోలు కొట్టడంతో ఫ్రాన్సు 2-1 తేడాతో గెలిచింది. ఆ రెండు పెనాల్టీలలో ఒక్కటి లోపలికి పోయినా కథ వేరుగా ఉండేది. పెనాల్టీలు పోగొట్టిన వారిని జట్టు నాయకుడు నిందించిన దాఖలా ఎక్కడా లేదు. మన్నా ఆ తరువాత కూడా ఆయనకు ఆప్తుడిగానే ఉన్నాడు, 1952 ఒలింపిక్స్‌లో దేశానికి నాయకత్వమూ వహించాడు.

ఆట చూసిన ఆంగ్లేయులు చప్పట్లతో జట్టును సాగనంపారు. బూట్లు వేసుకోకపోవడం మీద పత్రికల వారు ప్రశ్నిస్తే, తాము ఆడేది పాదంతో ఆడే బంతాట అనీ, తక్కినవారు ఆడేది బూటుతో ఆడే బంతాట అనీ తాలిమెరెన్ చమత్కరించినట్లు ప్రసిద్ధి. ఇంగ్లీషులో ఆ చమత్కారం ఒక్క అక్షరం మార్పుతో పలుకుతుంది. తెలుగులో ఆ సొగసు రాదు. కొండల్లో గుడ్డబంతితో మొదలైన చదువుకు ఆ జవాబు తగినదే.

ఆ తరువాత జట్టు ఐరోపాలో కొన్ని స్నేహపూర్వక పోటీలు ఆడింది. నెదర్లాండ్స్‌లో పేరుమోసిన అజాక్స్ క్లబ్బుపై 5-1 తేడాతో గెలిచింది. లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బు తాలిమెరెన్‌కు ఒక సంవత్సరం ఒప్పందం ఇవ్వజూపిందనీ, వైద్య విద్య పూర్తి చేయాలన్న కారణంతో ఆయన దానిని కాదన్నారనీ నాగాలాండ్‌లోను, కలకత్తాలోను ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒప్పందం మాట ఎంతవరకు ముందుకు సాగిందో ఏమో గాని, ఆయన ఎంచుకున్న దారి మాత్రం అందరికీ తెలిసినదే. ఓడ దిగి మళ్ళీ కళాశాల మెట్లెక్కారు. 1950లో ఎం.బి.బి.ఎస్. పట్టా పుచ్చుకున్నారు.

ముప్పై రెండేళ్ళ వయసు ఆటగాడికి ముగింపు కాలమనుకుంటే, వైద్యుడికి ఆరంభం. మోహన్ బగాన్‌తో దాదాపు తొమ్మిదేళ్ళ అనుబంధం ముగిసింది. ఆయన బూట్లు లేని కాలపు ఆటగాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10-1 తేడాతో ఓడిన తరువాతే బూట్లు వేసుకోవడం తప్పనిసరి చేశారు. హైదరాబాదు రహీం శిక్షణలో 1956 మెల్బోర్న్‌లో నాలుగవ స్థానం, 1962 జకార్తాలో ఆసియా స్వర్ణం సాధించిన జట్లు ఆ తరువాతివి.

కొహిమా ఆసుపత్రిలో

పట్టా చేతికి వచ్చిన నాగా వైద్యుడికి కలకత్తాలో స్థిరపడటం కష్టం కాదు. అందునా మోహన్ బగాన్ మాజీ నాయకుడికి రోగులు వరుసకడతారు. ఆయన అస్సాంలోని డిబ్రూగఢ్‌లో చెవి, ముక్కు, గొంతు విభాగంలో సహాయ శస్త్రవైద్యుడిగా పనిచేసి, 1953లో కొహిమా ఆసుపత్రికి సహాయ సివిల్ సర్జనుగా వెళ్ళారు. తండ్రి కోరిక అక్కడికి నెరవేరింది. కాని తాను వెళ్ళింది ఏ పరిస్థితుల్లోకో పాఠకులు తెలుసుకోవాలి.

నాగా కొండల్లో ఒక వర్గం భారతదేశంలో చేరడానికి ఒప్పుకోలేదు. నాగా జాతీయ మండలి 1947 ఆగస్టు 14న, అంటే భారతదేశానికి ఒక్క రోజు ముందు, తమ స్వాతంత్ర్యాన్ని ప్రకటించుకుంది. ఆ మరుసటి ఏడాదే ఒక నాగా యువకుడు లండన్‌లో త్రివర్ణ పతాకం పట్టుకున్నాడు. 1953 మార్చి 30న ప్రధాని నెహ్రూ బర్మా ప్రధాని ఊ నూతో కలిసి కొహిమా వచ్చినప్పుడు, వినతిపత్రం ఇవ్వనివ్వలేదన్న ఆగ్రహంతో సభకు చేరిన నాగాలు లేచి వెళ్ళిపోయారు. 1956 నాటికి కొండల్లో సైన్యానికీ తిరుగుబాటుదారులకూ నడుమ పోరు మొదలైంది. 1958లో సైన్యానికి ప్రత్యేకాధికారాల చట్టం వచ్చింది. ఊళ్ళు తగలబడ్డాయి, జనాన్ని ఒకచోటికి చేర్చి కాపలాలో ఉంచారు.

ఇటువంటి చోట ప్రభుత్వ వైద్యుడి స్థితి కత్తిమీద సాము. ఒకరి దృష్టిలో సర్కారు మనిషి, మరొకరి దృష్టిలో నాగా మనిషి. ఒక ఉదాహరణ చాలు. ఆవో తెగకే చెందిన డాక్టర్ ఇమ్‌కొంగ్లిబా ఆవో కూడా వైద్యుడే. నాగా ప్రజా సమావేశానికి అధ్యక్షుడై, 1960లో కేంద్ర ప్రభుత్వంతో పదహారు అంశాల ఒప్పందానికి నాయకత్వం వహించారు. నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడటానికి పునాది ఆ ఒప్పందమే. 1961 ఆగస్టులో మోకోక్‌చుంగ్‌లో ఆయనను కాల్చి చంపారు. అక్కడి జిల్లా ఆసుపత్రికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. తాలిమెరెన్ రాజకీయాల్లోకి దిగలేదు. ఆసుపత్రిని వదలనూ లేదు. వేదికలెక్కకుండా పాతికేళ్ళపాటు ఒకే పనిమీద నిలబడటం ఆ రోజుల్లో ఎంత గుండెనిబ్బరం కావలసిన పనో ఊహించుకోవచ్చు.

భాష సంగతి మళ్ళీ చూడండి. కొహిమా అంగామీ తెగవారి పట్టణం. ఆవో భాష అంగామీలకు అర్థం కాదు, అంగామీ ఆవోలకు అర్థం కాదు. నాగాలలో పదహారుకు పైగా తెగలున్నాయి, దాదాపు తెగకొక భాష. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే అస్సామీ నుంచి పుట్టిన నాగామీస్ అనే సంతభాషే దిక్కు. జోర్హాట్‌లోను, గౌహతిలోను నేర్చిన అస్సామీ ఆ వైద్యుడికి అక్కరకు వచ్చి ఉంటుంది. రోగి నొప్పి ఎక్కడో చెప్పుకోవడానికి మాట కావాలి. మన సరిహద్దు ఆసుపత్రుల్లో తెలుగు ముసలమ్మకూ, కన్నడమో ఒడియానో మాట్లాడే వైద్యుడికీ నడుమ మనవడు దుబాసీగా నిలబడిన దృశ్యం మనకు కొత్త కాదు కదా!

ఆయన వివాహం కూడా తెగ గీతను దాటినదే. ఆయన సతీమణి కుకీ తెగ ఆడపడుచు. నాగా, కుకీ తెగల నడుమ పాత వైరాలు తెలిసినవారికి ఆ పెళ్ళి విలువ తెలుస్తుంది. వారికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

1963 డిసెంబరు 1న నాగాలాండ్ దేశంలో పదహారవ రాష్ట్రంగా ఏర్పడింది. కొహిమాలో ఆ రాష్ట్రాన్ని ప్రారంభించినవారు రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టిన తిరుత్తణి 1960లో ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి మారిన ఊరు. గీతలు మారిన ఊరివాడే కొత్త గీతతో ఏర్పడిన రాష్ట్రానికి దీపం వెలిగించాడని మన పాఠకులు గుర్తుపెట్టుకోవచ్చు. తొలి ముఖ్యమంత్రి షిలు ఆవో కూడా తాలిమెరెన్ తెగవారే.

కొత్త రాష్ట్రంలో ఆరోగ్య శాఖను మొదటి నుంచి కట్టుకు రావలసి వచ్చింది. దారులు లేవు, వానకాలంలో కొండచరియలు విరిగిపడి ఊళ్ళు విడిపోతాయి. మలేరియా, క్షయ వంటి జబ్బులు పట్టి పీడిస్తాయి. రోగిని బుట్టలో కూర్చోబెట్టి వీపున మోసుకొని గుట్టలు దిగవలసిన ఊళ్ళెన్నో. ఆ శాఖలో తాలిమెరెన్ అంచెలంచెలుగా పైకి వచ్చి నాగాలాండ్ ఆరోగ్య సేవల డైరెక్టరు అయ్యారు. 1978లో ఆ పదవి నుంచే విశ్రాంతి తీసుకున్నారు. ఇన్ని ఫైళ్ళ కింద, ఇంతమంది రోగుల నడుమ, ఆ డైరెక్టరు ఒకనాడు వెంబ్లీలో జెండా మోసిన మనిషని ఆ ఆసుపత్రికి వచ్చినవారిలో ఎందరికి తెలిసి ఉంటుంది?

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

1998 సెప్టెంబరు 13న, ఎనభై ఏళ్ళ వయసులో డాక్టర్ తాలిమెరెన్ ఆవో కన్నుమూశారు. దేశానికి నాయకత్వం వహించిన ఆటగాడికి జీవించి ఉండగా దక్కిన గౌరవం తక్కువేనని చెప్పక తప్పదు. కలకత్తా మాత్రం మరువలేదు. ఆయన మరణానంతరం మోహన్ బగాన్ క్లబ్బు తన అత్యున్నత పురస్కారమైన మోహన్ బగాన్ రత్నతో గౌరవించింది. అస్సాంలో కాటన్ కళాశాల ఆటల మందిరానికి, కలియాబర్‌లోని మైదానానికి ఆయన పేరు పెట్టారు. 2009లో ఈశాన్య రాష్ట్రాల జట్లకు డాక్టర్ టి.ఆవో ట్రోఫీ పేరుతో ఫుట్‌బాల్ పోటీలు ప్రారంభించారు. 2018లో, శతజయంతి సంవత్సరంలో, తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది.

ఆయన 1942లో వైద్యం చదవడానికి కలకత్తా పోవలసి వచ్చింది. రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా అరవై ఏళ్ళపాటు నాగా విద్యార్థులు వైద్య విద్య కోసం కొండ దిగి, గీత దాటి, పరాయి భాషల నడుమకు పోతూనే వచ్చారు. నాగాలాండ్‌కు తొలి వైద్య కళాశాల 2023 అక్టోబరులో వచ్చింది. అది కొహిమాలోనే ఉంది.